గేటు దాటని నీళ్లు

నా పేరు భావనారాయణ. జలశుద్ధి పర్యవేక్షణ సంస్థలో సహాయ ఇంజనీరుని. ఇంజనీరింగు సంగతి అడక్కండి కానీ, మా ఆఫీసు మొత్తం మీద తెలుగు రాయగలిగినవాణ్ని నేనొక్కణ్నే అని నా నమ్మకం. ఆ నమ్మకంతో పద్దెనిమిదేళ్లు ఎవరికీ ఏ హానీ చేయకుండా గడిపాను. పంతొమ్మిదో ఏట అదే నమ్మకం నక్కలేటిపాడులో నూట నలభై ఇళ్లవాళ్లకు నీళ్లు లేకుండా చేసింది.

నక్కలేటిపాడులో తోళ్ల ఫ్యాక్టరీలు పన్నెండున్నాయి. తోళ్లు ఉప్పు పట్టించి వస్తాయి. వాటిని కడిగి, సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, క్రోమియం నీళ్లలో తిప్పితే నీలంగా పదును తేలతాయి. ఈ పనులన్నిటికీ నీళ్లే నీళ్లు. వాడిన నీళ్లు పదేళ్లపాటు నక్కలేరు అనే వాగులోకి పోయాయి. వాగు ఒడ్డున ఒక కాలనీ ఉంది. ఆ కాలనీ బావుల్లో నీళ్లు మొదట ఉప్పగా, తర్వాత చేదుగా మారి, చివరికి ఏ రుచో చెప్పలేని స్థితికి వచ్చాయి. తాగేనీళ్లు ట్యాంకరు తెస్తుంది. బట్టలకూ స్నానాలకూ గొడ్లకూ ఆ బావులే గతి. ఆ నీళ్లతో ఉతికితే సబ్బు నురగ రాదు. ఆ నీళ్లు తాగిన గేదె పాలు సగానికి తగ్గిస్తుంది.

ఇవన్నీ చూసి ఫ్యాక్టరీలన్నిటికీ కలిపి ఒక శుద్ధి ప్లాంటు కట్టారు. అందులో అసలు పని చేసేది పలచటి పొరలు. గొట్టాల్లో చుట్టలు చుట్టి పెట్టిన ఆ పొరల మీదకి మురుగునీటిని బలంగా తోస్తే, నీళ్లు మాత్రం అవతలికి పోతాయి. ఉప్పూ రంగూ ఇవతలే ఆగిపోతాయి. ఇళ్లలో ఆర్వో అంటామే, అదే, ఇక్కడ రైలుపెట్టె అంత ఉంటుంది. మా ప్రాంతీయ అధికారి గోవర్ధనం గారిని కూడా మేం ఆర్వో అనే అంటాం. రెండు ఆర్వోలూ పైనుంచి ఒత్తిడి ఉంటేనే పనిచేస్తాయి కనుక పెద్దగా తికమక పడం.

పథకం ఇదీ. శుద్ధి అయిన నీళ్లలో సగం ఫ్యాక్టరీలు మళ్లీ వాడుకోవాలి. మిగతా సగం గొట్టం వేసి కాలనీకి ఇవ్వాలి. ఇవతల మిగిలిన ఉప్పునీటిని కాచి, ఉప్పును బస్తాలకు ఎత్తాలి. వాగులోకి చుక్క పోకూడదు. గొట్టం వేశారు. కాలనీ మొదట్లో ఆరు కుళాయిలు కూడా పెట్టారు. అనుమతి పత్రం ఒక్కటే మిగిలింది.

అది ‘పాలనలో తెలుగు’ సంవత్సరం. ప్రతి ఆఫీసూ కనీసం ఒక ఉత్తర్వు తెలుగులో ఇచ్చి తీరాలని పైనుంచి ఆదేశం. గోవర్ధనం గారు నన్ను పిలిచి, ఆ అనుమతి పత్రానికి ఇంగ్లిషులో ఉన్న ముసాయిదా చేతిలో పెట్టారు.

“మీరు కాస్త రాస్తారు కదా. దీన్ని తెలుగు చేయండి. మరీ గొప్పగా వద్దు.”

ఆ చివరి మాట నేను వినలేదు. విన్నా నమ్మి ఉండను.

ముసాయిదాలో ముఖ్యమైన షరతు పద్నాలుగు పంక్తులుంది. మురుగు బయటికి వదలరాదని మొదలై, శుద్ధి చేసిన నీటిని కాలనీకి ఇవ్వడం ఇందుకు మినహాయింపు అని ముగుస్తుంది. మూడు రోజులు కూర్చుని దాన్ని ఒక్క వాక్యం చేశాను. “ఏ ద్రవమూ, ఏ రూపంలోనూ, ఏ కారణంచేతనూ, ఒక్క బొట్టయినా ఈ ప్రాంగణపు గేటు దాటరాదు.” పైకి చదువుకున్నాను. ఒళ్లు పులకరించింది. తర్వాత మినహాయింపును చేర్చి చదివాను. వాక్యం కుంటింది. నాలుగు రకాలుగా చేర్చి చూశాను, నాలుగు రకాలుగా కుంటింది. కాలనీకి నీళ్లు ఇస్తారన్నది అందరికీ తెలిసిన సంగతే కదా, రాయడం దేనికని తీసేశాను. అంతటితో ఊరుకోకుండా, రెండు భాషల పాఠాల మధ్య తేడా వస్తే తెలుగు పాఠమే చెల్లుతుందని కింద ఇంకో వాక్యం నా సొంతంగా చేర్చాను.

ఉత్తర్వు రాజధాని దాకా పోయింది. ‘నూరు ఆదర్శ వాక్యాలు’ అని ప్రభుత్వం ఒక పుస్తకం వేస్తుంటే, అందులో నా వాక్యాన్ని మొట్టమొదటిదిగా పెట్టారు. సభ చేసి శాలువా కప్పారు. నేను ఆ శాలువాతోనే బస్సెక్కి ఇంటికి వచ్చాను. మే నెల.

జూన్ మొదటి వారంలో ప్లాంటు నడిచింది. నడిపే ఆపరేటరు బాలకోటయ్య గాజుగ్లాసులో నీళ్లు పట్టి వెలుతురుకేసి చూపించాడు. ఉదయం తొట్టిలో సిరాలా ఉన్న నీళ్లు అవి. ఇప్పుడు గ్లాసు ఖాళీగా ఉందా అన్నట్టున్నాయి. ఫ్యాక్టరీల సంఘానికి అధ్యక్షుడు సిలార్ సాహెబ్. అరవై దాటిన మనిషి, నలభై ఏళ్లుగా తోళ్ల వ్యాపారం. ఆయన ఆ గ్లాసు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

“ఈ నీళ్ల మీద నన్ను తిట్టని మనిషి లేడు సార్ ఆ కాలనీలో,” అన్నాడు. “ఇయ్యాల పోయి కనపడొచ్చు.”

గేటు అవతల ఆడవాళ్లు బిందెలతో నిలబడ్డారు. వాళ్లకు ముందు రాహేలమ్మ. రెండు గేదెలు మేపి పాలు అమ్ముకునే మనిషి. నీళ్ల కోసం పదేళ్లు మా ఆఫీసు చుట్టూ తిరిగింది ఆమే. బాలకోటయ్య కాలనీ గొట్టం మీద చక్రం పట్టుకున్నాడు.

“ఆగండి,” అన్నారెవరో.

రాజధాని నుంచి వచ్చిన నిఘా అధికారి పరాంకుశం గారు. చంకలో ‘నూరు ఆదర్శ వాక్యాలు’ ఉంది. మొదటి పేజీ తీసి, వాక్యం పైకి చదివారు. బాగా చదివారు. విరామాలు నేననుకున్న చోటే ఇచ్చారు.

“ఏ ద్రవమూ,” అని మళ్లీ అన్నారు. “శుద్ధజలం ద్రవమా, కాదా?”

“ద్రవమే సార్,” అన్నాడు బాలకోటయ్య. తర్వాత కొంచెం ఆలోచించి, “అయితే గొట్టం గోడ కిందనుంచి పోద్ది సార్. గేటు దాటదు,” అన్నాడు.

“గేటు అనగా సరిహద్దు అని భావార్థం. ఉత్తర్వును అక్షరార్థంలో చదవరాదు.”

“మరి ద్రవమంటే మురికినీళ్లని భావార్థం కాదా సార్?” అన్నాడు సిలార్ సాహెబ్.

“ఉత్తర్వుకు భావార్థం ఊహించరాదు,” అన్నారు పరాంకుశం గారు. తర్వాత నా వైపు తిరిగి, మర్యాదగా, “రచయిత ఇక్కడే ఉన్నారు. వారి ఉద్దేశం ఏమిటో వారే సెలవివ్వాలి. అయితే ఉద్దేశానికి చట్టబద్ధత లేదు,” అన్నారు. “అద్భుతమైన వాక్యమండీ. ఎక్కడా సందు లేదు.”

ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ క్షణంలో, అంతమంది ఆడవాళ్లు ఖాళీ బిందెలతో చూస్తుండగా, నాకు మొట్టమొదట కలిగింది సంతోషం.

మర్నాడు గోవర్ధనం గారి దగ్గరికి వెళ్లి వాక్యం సవరించాలని అడిగాను. ఆయన రూల్సు పుస్తకం తిరగేసి నిట్టూర్చారు.

“మామూలు ఉత్తర్వయితే ఓ మెమోతో పోయేది. ఇది ఆదర్శ వాక్యం అయి కూర్చుంది. ఆదర్శ వాక్యాన్ని సవరించడానికి వీల్లేదు. రద్దు చేయవచ్చు. దానికి ఒకటే మార్గం. రచయితకు తెలుగు రాదని భాషా సామర్థ్య నిర్ధారణ సంఘం సర్టిఫికెట్ ఇవ్వాలి. అప్పుడు ఇంగ్లిషు పాఠం చెల్లుతుంది. అందులో మినహాయింపు భేషుగ్గా ఉంది.” ఆయన నాకేసి చూశారు. “వెళ్తారా?”

నాకు తెలుగు రాదని సర్టిఫికెట్.

“వేరే మార్గం చూద్దాం సార్,” అన్నాను.

ఆ వేరే మార్గం కనిపెట్టింది నేనే. దాన్ని పరాంకుశం గారి మీదికి నెట్టాలని ఇప్పటికీ అనిపిస్తుంది, కానీ ఫైలు మీద దస్తూరి నాది. శుద్ధి అయిన నీళ్లను నిలవ ఉంచడానికి చోటు లేదు, బయటికి పంపడానికి వీల్లేదు. కాబట్టి మిగిలిన సగాన్ని తిరిగి మురుగు తొట్టిలోనే కలిపేయాలి. “శుద్ధజలమును మూలజలమునందు పునర్విలీనము గావించవలెను” అని రాశాను. పై ఆఫీసులో దాన్ని ఒక్క నిమిషంలో ఆమోదించారు.

అలా ప్లాంటు తను కడిగిన నీళ్లలో సగాన్ని తానే మళ్లీ మురుగులో కలుపుకుని మళ్లీ కడగడం మొదలుపెట్టింది. రాత్రింబవళ్లు మోటార్లు తిరిగేవి. వచ్చే మురుగు పలచబడటంతో శుద్ధి లెక్కలు అద్భుతంగా తేలాయి. నెల తిరక్కుండానే మూడు జిల్లాల నుంచి బృందాలు చూడటానికి వచ్చాయి. ఒక బృందం నాయకుడు నన్ను పక్కకు పిలిచి, “ఇంత చక్కగా శుద్ధి చేసి ఆ నీళ్లను ఏం చేస్తారండీ?” అని అడిగాడు.

“మళ్లీ శుద్ధి చేస్తాం,” అన్నాను. ఆయన రాసుకున్నాడు.

జూలైలో వానలు పడ్డాయి.

ప్రాంగణంలో పడిన వాన ప్రాంగణంలోని ద్రవమేనని పరాంకుశం గారు తేల్చారు. ఆయనకు గేటు పక్కనే ఒక గది ఇచ్చారు. లారీలు బయటికి పోయేముందు టైర్లు గుడ్డతో తుడవాలి. వానలో తడిసిన కూలీలు గేటు దగ్గర లుంగీలు పిండి, ఆ నీళ్లు తొట్టిలో పోసి, బట్టలు ఆరేదాకా షెడ్డులో కూర్చోవాలి. ఆరు గంటలకు పని దిగిన మనుషులు ఎనిమిదింటికి ఇళ్లకు పోతున్నారు. టీ బయటి నుంచి లోపలికి రావచ్చు. తాగినవాళ్లు బయటికి పోవచ్చా అని ఒక కూలీ నవ్వుతూ అడిగాడు. పరాంకుశం గారు నవ్వకుండా, పరిశీలనలో ఉందని చెప్పారు.

తర్వాత తోళ్ల వంతు వచ్చింది. పదును చేసిన నీలం తోలును తడి తోలు అంటారు. దాని బరువులో సగం నీళ్లే. ఆ తడితోనే అది చెప్పుల కంపెనీలకు పోతుంది. పరాంకుశం గారు లారీ ఆపి, ఒక తోలును రెండు చేతులతో పిండారు. నీలంగా నాలుగు బొట్లు రాలాయి.

సిలార్ సాహెబ్ నాకు ఫోను చేశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

“ఎండబెట్టి పంపమంటన్నారు సార్. ఇట్టాంటి తోలు ఎండబెడితే అట్టముక్క అయిపోద్ది. చెప్పులు కుట్టుకోను పనికిరాదు. ఇంటి కప్పు మీద ఏసుకోవాల. మూడు లారీల సరుకు గేటు కాడ ఉంది. రెండొందల మంది పని. ఏం చెప్పమంటారు వాళ్లకి?”

“పై ఆఫీసుకు రాస్తాను,” అన్నాను.

“మీరు రాయమాకండి సార్,” అన్నాడాయన మెల్లగా. “మీరు రాసిన కాడికి చాలు.”

సరుకు పోవడానికి దారి లేక, సిలార్ సాహెబ్ మనసు వేరే పని మీదికి పోయింది. నీళ్లు గేటు దాటకూడదు గానీ మనుషులు దాటకూడదని ఎక్కడా లేదు కదా అని ఆయనకు తోచింది. కాలనీకి కబురు పంపాడు. వచ్చి లోపలే బట్టలు ఉతుక్కోండి, గొడ్లకు తాపుకోండి, ఆరిన బట్టలు ఆరినట్టు తీసుకుపోండి అన్నాడు. రెండు రోజులు బాగా జరిగింది. ప్లాంటు వెనక తాళ్ల మీద చీరలు ఆరేవి. సబ్బు నురగ చూసి ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లని బాలకోటయ్య చెప్పాడు. నేను పోయి చూడలేదు. నా ఉత్తర్వుకు సందు దొరికిందని కొంచెం చిన్నబుచ్చుకుని ఉన్నాను.

మూడో రోజు రాహేలమ్మ పదకొండు గేదెల్ని తోలుకొచ్చింది. రెండు తనవి, మిగతావి కాలనీవాళ్లవి. అవి కడుపు నిండా తాగాయి. వెళ్లేటప్పుడు పరాంకుశం గారు గేటు మూయించారు.

నేను వెళ్లేసరికి రాహేలమ్మ పెద్ద గేదె లారీల కాటా మీద నిలబడి ఉంది. లోపలికి వచ్చేటప్పుడే అనుమానంతో తూకం వేయించారట. అప్పుడు నాలుగు వందల పన్నెండు కిలోలు. ఇప్పుడు నాలుగు వందల నలభై.

“తేడా ఇరవై ఎనిమిది కిలోలు,” అన్నారు పరాంకుశం గారు. “ఈ జంతువు ఒక పాత్రగా ఉపయోగించబడి ద్రవాన్ని సరిహద్దు దాటించే ప్రయత్నం జరిగింది.”

“పాత్ర కాదు సార్, గేదె,” అంది రాహేలమ్మ. “ఇది దాహమై తాగింది. ఎవురూ పొయ్యలా.”

“ఏ రూపంలోనూ అని ఉత్తర్వులో ఉంది.”

“బయట కూడా తాగద్ది గదా, తాగిందంతా ఉచ్చ పోస్తానే ఉంటది. ఎప్పుడు తూకం ఏసినా ఒక తీరున ఉండదు గదా?”

“పాత బరువుకు వచ్చిన తర్వాత విడుదల చేయబడును.”

“అది పాలిచ్చే గొడ్డు సార్. సాయంత్రం పిండాల. లేపోతే పొదుగు రాయి అయిపోద్ది.”

పరాంకుశం గారు గేదె పొదుగు వైపు చూశారు. ఆయన దుర్మార్గుడు కాదు. పొదుగు రాయి కావడం ఆయనకూ ఇష్టం లేదు. “లోపలే పిండవచ్చును. అయితే పాలు ద్రవము,” అన్నారు.

రాహేలమ్మ ఆయన్ను కాదు, నన్ను చూసింది. “పాలు ఏం చెయ్యమంటారు సార్?”

జవాబు ఉత్తర్వులోనే ఉంది. ప్రాంగణంలోని ద్రవం ఏదైనా మురుగు తొట్టిలోకే పోవాలి. నాలుగు రోజులు, పూటకోసారి, పదకొండు గేదెల పాలు ఆ తొట్టిలో పోశారు. తొలిపూట ఆడవాళ్లు పోయలేక బిందెలు కింద పెట్టేస్తే, బాలకోటయ్య పోశాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కింద పడకుండా తుడుచుకున్నాడు.

తోలులోని జిగురుతో పనిచేయడానికి తయారుచేసిన పొరలు పాలలోని వెన్నను ఊహించలేదు. అయిదో రోజు ఉదయం పొరల మీద వెన్న పేరుకుని మోటార్లు మూలిగాయి. పది గంటలకు ప్లాంటు ఆగిపోయింది. గేదెలు ఇంకా లోపలే ఉన్నాయి. చిత్రమేమిటంటే వాటి బరువు పెరిగింది. పనీపాటా లేకుండా కూలీలు వేసే గడ్డి తింటూ, మంచినీళ్లు తాగుతూ ఉన్నాయి మరి.

ఆ మధ్యాహ్నం రాహేలమ్మ మా ఆఫీసుకు వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చుంది. చెమట తుడుచుకుంది.

“సార్, ఒక మాట అడగతా. కోప్పడమాకండి. ఆ మాట రాసింది మీరేనంట గదా. బాలకోటయ్య చెప్పాడు.”

“నేనే.”

“ఆ అధికారి సారుని తిట్టుకున్నా నేను ఇన్నాళ్లు. ఆయనది ఏం లేదంట గదా. మీరు రాసిందే చదవతన్నాడంట.”

“అవును.”

“అయితే మీరు రాసింది మీరే కొట్టెయ్యొచ్చు గదా?”

నేను రూల్సు చెప్పడం మొదలుపెట్టాను. ఆదర్శ వాక్యం, సవరణ, రద్దు, సంఘం. ఆమె ఓపికగా విన్నది. మొత్తం విన్నాక, “అంటే కుదురుద్దన్న మాట,” అంది.

“కుదురుతుంది. కానీ నాకు తెలుగు రాదని సర్టిఫికెట్ తీసుకోవాలి.”

“అంతేనా?” అంది ఆమె. ఎగతాళి కాదు. నిజంగానే ఇంకేదో ఉందనుకుని ఎదురుచూసింది. “నాకసలు చదువే రాదు సార్. ఏం కాదు. బతకొచ్చు.”

ఆమె వెళ్లిపోయాక చాలాసేపు కూర్చున్నాను. నూట నలభై ఇళ్లు, రెండు వందల మంది కూలీలు, మూడు లారీల తోలు, పదకొండు గేదెలు ఒకవైపు. ఇంకోవైపు నా వాక్యం. రెండు నెలలుగా నేను ఏ వైపు ఉన్నానో ఆఫీసులో ప్యూనుకు కూడా తెలుసు. నాకే తెలియనట్టు తిరిగాను. లేచి గోవర్ధనం గారి గదిలోకి వెళ్లాను.

“వెళ్తాను సార్,” అన్నాను. ఎక్కడికని ఆయన అడగలేదు. దరఖాస్తు ఎప్పుడో టైపు చేయించి సొరుగులో పెట్టుకున్నారు.

భాషా సామర్థ్య నిర్ధారణ సంఘంలో ముగ్గురు పండితులు. ముందు రాతపరీక్ష. ఇచ్చిన విషయం మీద పేజీకి తగ్గకుండా నివేదిక రాయాలి. ఎలాగైనా తప్పాలని కూర్చున్నాను. అక్షరదోషాలు రాయడానికి చెయ్యి రాలేదు. అది నా జబ్బు. అందుకని అర్థం లేకుండా రాద్దామనుకున్నాను. “పైన ఉదహరించబడిన విషయమునకు సంబంధించి తమ దివ్యదృష్టికి తీసుకొనిరాబడుచున్నది ఏమనగా” అని మొదలుపెట్టి, ఎక్కడా సమాపక క్రియ పడకుండా, ఎవరు ఏం చేశారో తేలకుండా, పేజీ చివరి వరకూ ఒక్క వాక్యం లాగి, “అయి ఉన్నందున” అని వదిలేశాను. నాకే దాని మొహం చూడబుద్ధి కాలేదు.

నూటికి తొంభై రెండు మార్కులు వచ్చాయి.

“ఇంతటి పరిపాలనా పరిణతి ఇటీవలి కాలంలో చూడలేదు,” అన్నారు సంఘాధ్యక్షులు. “మీకు తెలుగు రాదని ఎవరన్నారు?”

నా గుండె జారిపోయింది. నిజం చెప్పాలంటే, జారుతూ జారుతూ కొంచెం ఉప్పొంగింది కూడా. మౌఖిక పరీక్ష కూడా చేయండి, నియమావళిలో ఉంది అని పట్టుబట్టాను. వాళ్లు గడియారం చూసుకుని ఒప్పుకున్నారు.

“నక్కలేటిపాడు జలసమస్య స్వరూపమును సంగ్రహముగా నివేదించండి.”

ఏం చెప్పాలో ముందే అనుకుని రాలేదు. తప్పాలన్న సంగతీ ఆ సమయానికి మర్చిపోయాను. కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకుంటున్న రాహేలమ్మ కళ్లముందు మెదిలింది.

“వాళ్ల బావుల్లోకి మనమే ఉప్పునీళ్లు పంపించాం. ఇప్పుడు మన దగ్గర మంచినీళ్లున్నాయి. ఇచ్చేద్దాం,” అన్నాను.

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ఇంకా?” అన్నారు అధ్యక్షులు.

“అంతేనండి.”

“మన అనగా ఏ శాఖ?” అని అడిగారు రెండో ఆయన.

“మనమేనండి. మనం.”

“ఇచ్చేద్దాం. ఇది ఏ విధి? ఎవరి అనుమతితో? ఏ సూచిక?” అన్నారు మూడో ఆయన. “ఇందులో ఒక్క గౌరవవాచకం లేదు. ఒక్క ‘బడు’ లేదు.”

“మరోసారి ప్రయత్నిస్తారా?” అన్నారు అధ్యక్షులు, జాలిగా. రాతలో తొంభై రెండు తెచ్చుకున్న మనిషి ఇలా అయిపోవడం ఆయనకు బాధగా ఉంది.

ప్రయత్నిస్తే వచ్చేది. నాలుక మీదే ఉంది. “తత్సంబంధిత జలవనరుల పరిరక్షణ దృష్ట్యా” అని మొదలుపెడితే చాలు. నోరు మూసుకుని కూర్చున్నాను. నా జన్మలో నేను చేసిన కష్టమైన పని అదేనని చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి.

“ఇది మాట,” అన్నారు అధ్యక్షులు చివరికి కాగితం మీద రాస్తూ. “భాష కాదు.”

సర్టిఫికెట్ అరగంటలో చేతికొచ్చింది. గుండ్రటి ముద్ర, మూడు సంతకాలు. నక్కలేటిపాడు ఉత్తర్వు రాసిన భావనారాయణ అను వ్యక్తికి తెలుగు భాష రాదని ఇందుమూలముగా ధృవీకరించడమైనది అని ఉంది. ‘ధృ’ కాదు, ‘ధ్రు’ అని ఉండాలి. జేబులోంచి పెన్ను తీశాను. ముగ్గురూ చూస్తున్నారు. పెన్ను మళ్లీ జేబులో పెట్టుకుని, నమస్కారం పెట్టి బయటికి వచ్చాను.

తెలుగు పాఠం రద్దయింది. ‘నూరు ఆదర్శ వాక్యాలు’ మలిముద్రణలో తొంభై తొమ్మిదే ఉన్నాయి, పేరు మాత్రం మార్చలేదు. పరాంకుశం గారు కొత్త ఉత్తర్వు తీసుకుని, ఇంగ్లిషు పాఠాన్ని మొదటి నుంచి చివరి వరకు చదివి, మినహాయింపు కింద ఎర్రగీత గీసి, గేదెల్ని వదిలిపెట్టారు. వెళ్లేముందు నా చెయ్యి పట్టుకుని, “మీ వాక్యానికి అన్యాయం జరిగింది,” అన్నారు. ఆ ఉద్యోగంలో నా బాధ అర్థం చేసుకున్న మనిషి ఆయనొక్కరే. తోళ్ల లారీలు ఆ సాయంత్రమే కదిలాయి.

పొరలకు పట్టిన వెన్న వదిలించడానికి బాలకోటయ్యకు ఎనిమిది రోజులు పట్టింది. తొమ్మిదో రోజు పొద్దున చక్రం తిప్పాడు. నేను గేటు లోపల నిలబడకుండా కాలనీ కుళాయిల దగ్గరికి నడిచి వెళ్లాను. సిలార్ సాహెబ్ నాకన్నా ముందే వచ్చి, ఎవరి కంటా పడకుండా ఓ గోడవార నిలబడి ఉన్నాడు. కుళాయి మొదట గాలి కక్కింది, తర్వాత తుప్పునీళ్లు కొంచెం, తర్వాత తెల్లగా ధార పడింది.

రాహేలమ్మ దోసిలి పట్టి, కొద్దిగా నాలుక మీద వేసుకుంది. ఇవి తాగడానికి కాదమ్మా, వాడుకోవడానికే అని చెప్పబోయాను. ఆమె చెయ్యెత్తి ఆగమంది. కళ్లు మూసుకుని, నోట్లో నీళ్లు అటూ ఇటూ తిప్పి, పక్కకు ఉమ్మేసింది.

“చప్పగా ఉండయ్,” అంది.

ఇంకో దోసిలి పట్టి మొహం కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ వెనక వరసలో ఉన్నవాళ్లకేసి తిరిగింది.

“ఏం లేదమ్మే, చప్పటి నీళ్లే,” అని కేకేసింది. “బిందెలు ఎత్తుకొని రాండి.”